కోకో గింజకు మార్కులు

సూరత్‌లో వజ్రం నాణ్యం తేల్చేవారి చేతిలో పది రెట్లు పెంచి చూపే భూతద్దం ఉంటుంది. బరువు, రంగు, స్వచ్ఛత, సాన అని నాలుగు కొలతలూ ఉంటాయి. ఒకే ప్రాంతపు గింజలతో చేసిన డార్క్ చాక్లెట్‌ను తేల్చాల్సింది మాత్రం ముక్కూ నాలుకే. అలాగని అది ఎవరి ఇష్టం వాళ్లదనే వ్యవహారం కాదు. దానికీ ఒక పద్ధతి ఉంది, అది తోటలోనే మొదలవుతుంది.

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన కోకో అంతర పంట. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లో పోసి ఐదారు రోజులు పులియబెడతారు, మధ్యమధ్య తిరగేస్తారు. గుజ్జులోని చక్కెరను ఈస్టు ఆల్కహాల్‌గా, దాన్ని బాక్టీరియా ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. వేడి 45 డిగ్రీల దాకా ఎక్కి మొలక చచ్చిపోతుంది. చేదూ వగరూ తగ్గి, వేయించినప్పుడు చాక్లెట్ వాసన రావడానికి కావలసిన సరుకు గింజలో తయారవుతుంది. ఆపైన తేమ 7 శాతానికి దిగేదాకా ఆరబెడతారు. నాణ్యం చూసేవారు 100 గింజల్ని నిలువునా కోసి లెక్కపెడతారు: పలక రంగైతే పులియనట్టు, ఊదా రంగైతే సగం పులిసినట్టు, గోధుమ రంగైతే సరిగ్గా పులిసినట్టు.

రుచి చూసేటప్పుడు ముక్క చల్లగా ఉండకూడదు. ముందు మెరుపు చూడాలి, విరిచి టప్పుమనే చప్పుడు వినాలి. ఈ రెండూ కోకో వెన్న సరిగ్గా గడ్డకట్టిందో లేదో చెబుతాయి. వాసన చూశాక ముక్కను నమలకుండా నాలుక మీద కరగనివ్వాలి. మంచి గోదావరి గింజలో ఎండుద్రాక్షో, బెల్లమో, పుల్లటి పండో ఒకదాని వెనక ఒకటి తెలుస్తాయి. వెనిగర్ ఘాటు మిగిలితే పులియబెట్టడంలోనో ఆరబెట్టడంలోనో తేడా వచ్చినట్టు, పొగ కంపు కొడితే పొయ్యి మీద ఆరబెట్టినట్టు, బూజు వాసనైతే తేమ పోనట్టు. నోరు పట్టేసే వగరు గింజ సరిగ్గా పులియలేదని చెబుతుంది. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో కూడా లెక్కే. మరో ముక్కకు ముందు గోరువెచ్చని నీళ్లు తాగాలి.

పులుపు, చేదు, వగరు, పండు రుచి, దోషం... వేటికి వాటికే మార్కులు వేసి, ఆ తర్వాతే మొత్తం చెప్పాలి. రేపర్ మీది 70 శాతం కోకో ఎంతుందో చెబుతుందే గాని, ఎలాంటిదో చెప్పదు.

ఈ తేడా మీద నిలబడిందే హైదరాబాద్‌లో 2023లో తెరిచిన ‘మనం చాక్లెట్ కార్ఖానా’. గోదావరి గింజల్నే ముందు పెట్టుకుని పనిచేసే ఈ చోటును 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలోని గొప్ప స్థలాల జాబితాలో చేర్చింది.

అదే ఏడాది ప్రపంచ మార్కెట్‌లో కోకో టన్ను 10,000 డాలర్లు దాటింది. 2025లో ధర పడిపోయి, గోదావరి రైతులు గింజలు అమ్ముడుపోక రోడ్డెక్కారు. బరువును బట్టే ధర కట్టినంత కాలం బాగా పులియబెట్టిన రైతుకీ, హడావుడిగా ఆరేసిన రైతుకీ ఒకటే రేటు. రుచికి వేసే మార్కులు తోటదాకా వెళ్లి, కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చినప్పుడే వాటికి విలువ.