జీలుగ తొక్కిన చేలో, పెంట వేసిన పాదులో

దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేశాక, నాలుగు వాన చినుకులు పడితే కోనసీమ చేలల్లో జీలుగ చల్లడం పాత అలవాటు. ఎకరాకు పది పన్నెండు కిలోల విత్తనం చాలు. నలభై అయిదు రోజులకు నడుమెత్తు దాటుతుంది. పూత కనిపించగానే సార్వా దమ్ములో తొక్కించేస్తారు.

అప్పుడే ఎందుకో తెలియాలంటే ఒక మొక్కను పెరికి వేరు కడిగి చూడాలి. వేళ్లకు ఆవగింజంత, పెసరగింజంత బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనబడిందంటే, రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తోందన్నమాట. రంగు పోయి ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారితే ఆ పని ఆగిపోయినట్టే. పూత వేళకు బుడిపెలు నిండుగా పనిచేస్తుంటాయి, కాండమూ లేతగా ఉంటుంది. అప్పుడు తొక్కితే వారం పది రోజుల్లో కుళ్లిపోతుంది. కాయ పట్టేదాకా ఆగితే కాండం కర్రయిపోతుంది. కర్రలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని తినే సూక్ష్మజీవులు తమ ఒంటికి కావలసిన నత్రజనిని నేలలోంచే లాక్కుంటాయి. అందుకే ఎండుగడ్డి కలియదున్నిన వెంటనే ఊడ్పులు చేస్తే పైరు కొన్నాళ్లు పసుపెక్కుతుంది. అది తెగులనుకుని మందు కొట్టేవారు ఈనాటికీ ఉన్నారు.

వరిచేలో ఇంకో చిక్కుంది. నీరు నిలిచిన నేలలో ప్రాణవాయువు త్వరగా అయిపోతుంది. గాలి అక్కర్లేని జీవులు రంగంలోకి దిగుతాయి, మీథేన్ పుట్టించేవి వాటిలో ఉన్నాయి. పచ్చిపెంట, గడ్డి ఎక్కువగా పడిన మడిలో అడుగు వేస్తే బుడగలు లేస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, పైరు వేళ్లు నల్లబడతాయి. నీరు తీసి మడిని ఒకసారి ఆరబెడితే నేలకు మళ్లీ గాలి ఆడుతుంది. మురుగు కాలువ పూడిపోయిన ఊళ్లో ఆ పాటి సాయం కూడా చేయలేము.

గట్టు దాటి కొబ్బరి తోటలోకి వస్తే నేల లోపలి లోకమే వేరు. అక్కడ గాలి ఆడుతుంది, శిలీంధ్రాలు బాగా పెరుగుతాయి. కోకో ఆకు, అరటి బొందలు, కొబ్బరి మట్టలు అన్నీ వాటికి మేతే. పీచు పరిశ్రమల దగ్గర గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టు మాత్రం అంత తేలిగ్గా లొంగదు. అందులో లిగ్నిన్ ఎక్కువ, కర్బన నత్రజనుల నిష్పత్తి దాదాపు 112:1. కాస్త యూరియా చేర్చి, పొరలు పొరలుగా పుట్టగొడుగు జాతి ప్లూరోటస్ విత్తనం చల్లి తడిగా ఉంచితే నెల రోజుల్లో ఆ నిష్పత్తి 24:1 దరికి దిగుతుంది. అప్పుడే పాదులో వేయాలి.

కొబ్బరిని కుదిపేసే గానోడెర్మా తెగులు కూడా శిలీంధ్రమే. మొదట్లోంచి ఎర్రటి జిగురు కారుతూ చెట్టు నిలువునా ఎండుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి దీనిమీద పనిచేసింది. అక్కడివారు చెప్పే ఉపాయాల్లో ట్రైకోడెర్మా ముఖ్యమైనది. శిలీంధ్రాన్ని శిలీంధ్రమే చుట్టుకుని దాని గోడలు కరిగించి తినేస్తుంది. అయితే దానికి తిండి పెట్టాలి. వేపపిండి, మాగిన పశువుల ఎరువు కలిపిన కుప్పలో ట్రైకోడెర్మా చల్లి, నీడలో తడి గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచుతారు. సంచి ఎత్తితే ఎరువు మీద పచ్చటి బూజు పరుచుకుని ఉంటుంది. పాదులో వేయవలసినది అదే. దాని వెంటనే రసాయన శిలీంధ్రనాశిని పోస్తే పడిన శ్రమంతా వృథా.

మాగిన ఎరువని నొక్కి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పెంటకుప్పలే కొమ్ముపురుగు పిల్లలకు పుట్టిల్లు. అందుకే కుప్పలో మెటారైజియం అనే మరో శిలీంధ్రాన్ని కలుపుతారు. అది పట్టిన పురుగు బిగుసుకుపోయి ముదురాకుపచ్చ పొడితో కప్పబడుతుంది.

2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరిస్తోంది. దానితో ద్రవ జీవామృతం ఊరూరా తెలిసింది. దానిమీద నాకు గౌరవం ఉంది, కానీ అదొక్కటే చాలనడం నేను ఒప్పుకోను. రెండు వందల లీటర్ల డ్రమ్ములో వేసే పేడ పది కిలోలు, అదీ ఎకరం నేలకు. ఒక్క కొబ్బరి చెట్టు పాదుకే ఏటా పాతిక కిలోల పశువుల ఎరువు కావాలి. డ్రమ్ము తోడులాంటిది, పాలు లేకుండా తోడు వేస్తే పెరుగు కాదు. ఆ పాలు జీలుగ, మినుము పొట్టు, మాగిన పెంట, చెరువు మట్టి. ప్రకృతి వ్యవసాయంలోనూ ఆచ్ఛాదన, తొలకరికి ముందే రకరకాల విత్తనాలు చల్లడం ఉన్నాయి. వాటిని వదిలేసి డ్రమ్మునే పట్టుకుంటున్నాం. ఇంగ్లండులోని రోథంస్టెడ్‌లో 1843 నుంచి నడుస్తున్న గోధుమ ప్రయోగంలో ఏటేటా పశువుల ఎరువు పడిన మడిలో సేంద్రియ కర్బనం, ఎరువే ఎరగని మడికంటే రెండు రెట్లు దాటింది. అది తరాల తరబడి మోసిన ఎరువుకు వచ్చిన ఫలితం.

రాజోలు వైపు పరిస్థితి వేరు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి తోటలు మోడువారాయి. ఉప్పు ఎక్కిన నేలలో సూక్ష్మజీవుల ఒంట్లోని నీరే బయటికి లాగబడుతుంది. అక్కడ ఎంత పెంట పోసినా తినే నోళ్లు ఉండవు. ముందు డ్రెయిన్ పూడిక తీయాలి, ఆటుపోట్ల నీటిని ఆపాలి, వాన నీటితో ఉప్పు కడగాలి. ఆ తరువాత మొదట చల్లవలసిన విత్తనం, కొంత ఉప్పును తట్టుకునే జీలుగే.