జ్వరం లేని థర్మామీటరు

పెళ్లయి ఏడాది తిరక్కుండానే మన ఆడపిల్లల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" పేరంటంలో తాంబూలం అందుకుంటూ అడుగుతారు, బస్సులో పక్కసీటావిడ కూడా అడుగుతుంది. మూడో ఏడు వచ్చేసరికి ఆ ప్రశ్న ఆగిపోతుంది. ప్రశ్న కంటే ఆ మౌనమే ఎక్కువ బాధపెడుతుందని మా చెల్లెలి కూతురు చెప్పాక గానీ నాకు తెలియలేదు.

ఆ పిల్ల సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు దిండు కింద థర్మామీటరు కనబడింది. "ఒంట్లో బాగాలేదటే?" అన్నాను కంగారుగా. "జ్వరం కాదు పెద్దమ్మా, ఇది చూడు" అని ఓ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టింది. టోనీ వెష్లర్ అనే అమెరికన్ ఆవిడ రాసిన 'టేకింగ్ చార్జ్ ఆఫ్ యువర్ ఫెర్టిలిటీ'. 1995లో మొదట అచ్చయింది. ఇరవయ్యేళ్లకి, 2015లో, సవరించి మళ్లీ వేశారు. పండగ హడావుడి తీరాక వారం రోజులు కూర్చుని చదివాను. నాకా వయసు దాటి చాలా కాలమైంది. అయినా పాతికేళ్లప్పుడు ఇలాంటిదొకటి నా చేతికి రాలేదే అనిపించింది.

సంగతేమిటంటే, అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఊరి, ఆడవాళ్ల ఒంటి వేడి కాస్త పెరుగుతుంది. ఎంతో కాదు, అర డిగ్రీ ఫారెన్‌హీట్ అటూ ఇటూగా. మళ్లీ బహిష్టు అయ్యేదాకా ఆ వేడి అలాగే ఉంటుంది. పొద్దున్న కళ్లు తెరవగానే, మంచం దిగకముందే కొలిచి రోజూ రాసుకుంటే, పట్టిక మీద కింద ఒక వరస, పైన ఒక వరసగా చుక్కలు పడతాయి. పైవరస పద్ధెనిమిది రోజులు దాటినా దిగకపోతే విశేషమేనని ఆశపడొచ్చు.

ఇది కొత్త సంగతేమీ కాదండీ. 1870లలో న్యూయార్కులో మేరీ పట్నం జాకోబీ అనే డాక్టరమ్మ, నెలసరి రోజుల్లో ఆడవాళ్లు పనులు మానేసి విశ్రాంతి తీసుకోవాలా అన్న ప్రశ్న మీద పెద్ద వ్యాసం రాసింది. అక్కర్లేదని తేల్చింది. ఒంటి వేడి నెలలో ఎక్కి దిగడం కూడా అందులో గమనించింది. ఆ వ్యాసానికి 1876లో హార్వర్డ్ వారి బాయిల్‌స్టన్ బహుమతి వచ్చింది. ఆ హార్వర్డ్ వారికే ఆడపిల్లల్ని వైద్య కళాశాలలో చేర్చుకోవడానికి మాత్రం 1945 దాకా పట్టింది!

వెష్లర్ రచనలో నాకు నచ్చింది ఆవిడ గొంతు. తెల్లబట్ట అవుతుంటే ఏదో జబ్బనుకుని డాక్టర్ల చుట్టూ తిరిగానని, అది రోగం కాదు, దేహధర్మమని చాలా ఆలస్యంగా తెలిసిందని దాపరికం లేకుండా చెప్పుకుంది. ఆ మాట చదివినప్పుడు మనలో ఎందరికి గుండె తేలికపడదు? అండం విడుదలకు ముందు ఆ స్రావం గుడ్డులో తెల్లసొనలా సాగుతుందని, అవే పిల్లలు కలగడానికి అనువైన రోజులని రంగుల ఫొటోలతో సహా చూపించింది. అందరికీ ఇరవై ఎనిమిది రోజులే, అందరికీ పద్నాలుగో రోజే అన్న నమ్మకాన్ని ఓపిగ్గా చెరిపేసింది. ఇంత విషయాన్ని పక్కింటావిడతో పిట్టగోడ దగ్గర మాట్లాడుతున్నట్టు రాయడం మాటలు కాదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, లోపాలూ ఉన్నాయి.

మొదటిది, ఈ పుస్తకంలోని ఇల్లు మన ఇల్లు కాదు. వేడి లెక్క తప్పించేవాటిలో మద్యం, విద్యుత్ దుప్పటి ఉన్నాయి. బెజవాడ ఎండల్లో విద్యుత్ దుప్పటి! మన లెక్క తప్పించేవి వేరు. కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానాలు, నీళ్లొచ్చే వేళకి లేచి బిందెలు పట్టడం, రాత్రి రెండింటికి మామగారు దగ్గితే లేచి నీళ్లివ్వడం. కొలవబోయే ముందు కనీసం మూడు గంటలు ఏకబిగిన నిద్రపోవాలట. కోడళ్లకి ఆ భాగ్యం ఎక్కడిదీ?

రెండోది కాస్త పెద్దది. థర్మామీటరు జరిగిపోయిన సంగతే చెబుతుంది. అనువైన రోజులు సుమారు ఆరు. అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు. వేడి పెరిగేసరికి ఆ రోజులు దాదాపు అయిపోయినట్టే. రైలు వెళ్లిపోయాక గంట కొట్టినట్టన్నమాట. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే 'నైస్' సంస్థ, ఈ పట్టికలు నమ్మకంగా ముందు చెప్పలేవు, వాడమని సిఫారసు చెయ్యం అని 2013లోనే అనేసింది. వెష్లర్‌కి ఈ పరిమితి తెలియక కాదు. ముందు చెప్పేది స్రావమే, వేడి తర్వాతి రుజువని రాసింది. కానీ చదివేవాళ్ల మనసు అంకెల మీదికే పోతుంది. తెల్లసొన కంటే అంకెకి మర్యాద ఎక్కువ కదా!

మూడోదాన్ని పుస్తకం లోపమనాలో, మన లోపమనాలో మీరే చెప్పండి. మగవారి పరీక్ష గురించి కూడా వెష్లర్ రాసింది. కానీ రోజూ దిద్దే ఆ పట్టిక మాత్రం ఆడదాని ఒంటిదే. మా పిల్ల పదకొండు నెలలు చుక్కలు పెట్టింది. చుక్క కిందికి దిగిన ప్రతి పొద్దున్నా పరీక్ష తప్పినట్టు ఏడ్చింది. "ఇవాళ మంచిరోజు" అని చెప్పాల్సి రావడంతో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు కూడా తగ్గాయట. చివరికి ఆ పట్టికలన్నీ కట్టగట్టి డాక్టరమ్మకి చూపిస్తే, ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "మీవారి పరీక్ష ఎప్పుడు చేయించారు?"

చేయించలేదు. "మావాడికేం, రాయిలా ఉన్నాడు" అని అత్తగారు అన్నారు. అంతటితో ఆ మాట ముగిసింది. పిల్లలు కలగని జంటల్లో సగానికి దగ్గరగా మగవారి వైపు కారణమో, అందులో వాటాయో ఉంటుందని వైద్యులు మొత్తుకుంటూనే ఉన్నారు. వీర్యపరీక్షకి ఒక పూట చాలు. ఆ ఒక్క పూటకి బదులు ఒక ఆడపిల్ల మూడువందల పైచిలుకు పొద్దుటిపూటలు ధారపోసింది.

ఇంతకీ పుస్తకం చదవాలా అంటారా? తప్పక చదవండి. పెళ్లీడు కూతురుంటే ఆమెకీ ఇవ్వండి. తన ఒంటి సంగతి తనకి తెలియడం ఏ ఆడదానికైనా మేలే. అయితే ఏడాదైనా నెల తప్పకపోతే, ముప్ఫయి అయిదు దాటినవాళ్లయితే ఆరునెలలకే, పట్టిక మూసి ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. "ఇద్దరూ" అన్నమాట కింద రెండు గీతలు గీసుకోండి.

మొన్న మా పిల్ల ఫోను చేసింది. విశేషమేమీ లేదు, నేనూ అడగలేదు. "ఆయన పరీక్షకి ఒప్పుకున్నారు పెద్దమ్మా. సోమవారం వెళుతున్నాం" అంది. "మరి థర్మామీటరో?" అన్నాను.

"మావగారికి జ్వరంగా ఉంటే ఇచ్చేశాను" అంది నవ్వుతూ. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు.