తుంచి పూయించే చేయి

మార్గశిరం వచ్చేసరికి రాజమండ్రిలో చామంతి లేని గుమ్మం తక్కువ. పక్కనే కడియం, కడియపులంక నర్సరీలు. విరగబూసిన కుండీలు అక్కణ్ణుంచి బళ్ల మీద వీధుల్లోకి దిగుతాయి. తెచ్చి పెట్టుకుంటే కొన్నాళ్లు ఇల్లు కళకళలాడుతుంది. ఆ పూలను నేను తక్కువ చేయను. కాని ఏటా పనిగట్టుకుని వెళ్లి చూసేవి మాత్రం మా పెద్దమ్మ డాబా మీది పచ్చ చామంతులే. మొక్క మూరెడు మించి ఎదగదు. ఏ వైపు నుంచి చూసినా ఆకు కనబడనంత పువ్వు. పైగా అన్ని కుండీలూ ఒక్కసారే పూసి ఊరుకోవు. కార్తీక సోమవారాలకు కొన్ని, మార్గశిర లక్ష్మివారాలకు కొన్ని, సంక్రాంతి గొబ్బెమ్మలకు కొన్ని, వంతులవారీగా అందుతాయి. మొక్క దానంతటది చేసే పని కాదిది. దీని వెనక చేతి పనితనం ఉంది.

ఆ పని జూన్‌లో, తొలకరితో మొదలవుతుంది. కిందటేడు పూసి అయిపోయిన మొక్కల్ని పెద్దమ్మ మొదలు దగ్గరకి కోసి, ఎండాకాలమంతా సన్నజాజి పందిరి నీడన బతికించి ఉంచుతుంది. మొదట్లోంచి పిలకలు లేస్తాయి. వాటిని వేరుతో సహా విడదీసి చిన్న కుండీల్లో నాటుతుంది. పిలకలు చాలకపోతే లేత కొమ్మ చివళ్లు వేలెడు పొడవున తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసకలో గుచ్చుతుంది. రెండు మూడు వారాల్లో వేరు పట్టేస్తాయి.

నాటిన నెల్లాళ్లకు అసలు విద్య బయటపడుతుంది. మొక్క ఏపుగా లేస్తున్న సమయంలోనే ఆవిడ దాని తల తుంచేస్తుంది. కత్తెర వాడదు. బొటనవేలి గోరు, చూపుడువేలి కొస, అంతే. లేత చిగురుని రెండాకుల కిందికి పట్టుకుని పక్కకి వంచుతుంది. టప్పున విరిగితే సరే, నారలా సాగితే మాత్రం ఇంకాస్త పైకి జరుగుతుంది. విరిగిన చోట కాండం లేతగా ఉందని, కింది కణుపుల్లోంచి కొమ్మలు తొందరగా వస్తాయని ఆవిడ లెక్క. మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. "వదిలేస్తే తాడిలా లేచి నడినెత్తిన నాలుగు పూలు పెడుతుందిరా. తుంచితే ఒళ్లంతా పూస్తుంది" అంది. చిగురులో తయారయ్యే రసాయనం పక్క మొగ్గల్ని అణచి ఉంచుతుందని, చిగురు పోగానే అవి మేలుకుంటాయని వృక్షశాస్త్రం చెబుతుంది. ఒక తలకు నాలుగు కొమ్మలు, మరో నెలకు ఆ నాలుగింటినీ తుంచితే పదీ పదిహేను. కార్తీకానికి కావలసిన కుండీలకు ఈ తుంపుడు ఆగస్టులోనే ఆపేస్తుంది. సంక్రాంతి కుండీలకు సెప్టెంబరు చివరిదాకా సాగదీస్తుంది. వంతుల కిటుకు చాలావరకు ఇక్కడే ఉంది.

మిగతాది చీకట్లో ఉంది. చామంతి రాత్రి పొడుగు చూసి మొగ్గ తొడిగే మొక్క. పగలు ఎంతసేపు ఉందన్న దాన్ని బట్టి కొన్ని మొక్కలు పూతకు వస్తాయని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ పొగాకు, సోయా మొక్కల మీద ప్రయోగాలతో చూపించారు. నిజానికి మొక్క కొలుచుకునేది పగటిని కాదని, ఎడతెగని చీకటినని 1938లో హామ్నర్, బానర్ తేల్చారు. రాజమండ్రిలో జూన్ చివర పగలు పదమూడు గంటల పైచిలుకు, డిసెంబరులో పదకొండు గంటల పైచిలుకు. మధ్య తేడా రెండు గంటలే. మనం గమనించని ఆ తేడాని చామంతి పట్టేస్తుంది.

పెద్దమ్మకు ఆ శాస్త్రవేత్తల పేర్లు తెలియవు. కాని ఆవిడ ఉండే వీధిలో కొత్తగా తెల్లదీపాలు వేసిన ఏడాది, పిట్టగోడ వారనున్న కుండీలు మాత్రమే పచ్చగా, మొగ్గ లేకుండా నిలబడిపోయాయి. దీపం వెలుగు పడని కుండీలన్నీ మామూలుగానే పూశాయి. నాలుగు రోజులు రాత్రిపూట డాబా మీద తిరిగి, ఏ కుండీ మీద వెలుగు పడుతోందో చూసి, వాటిని నీళ్ల ట్యాంకు వెనక్కి జరిపించింది. ఇప్పుడు సెప్టెంబరు నుంచి డాబా బల్బు కూడా వేయనివ్వదు. ఈ ఒక్క పరిశీలనకే ఆవిడకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఎరువు సంగతి మామూలే. మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి, పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు. మొగ్గ రంగు తేలగానే ఆ నీళ్లు బంద్. తుపాను వానల్లో కుండీ కింద నీరు నిలవకుండా ఇటికముక్కలు. పేనుబంక పడితే వేపనూనెలో కాస్త సబ్బునీళ్లు కలిపి, ఆకు అడుగున తగిలేలా కొడుతుంది.

మొగ్గలు మినపగింజంత అయ్యాక మళ్లీ ఆ రెండు వేళ్లకే పని పడుతుంది. పెద్ద పువ్వు రకమైతే కొమ్మకు నడి మొగ్గ ఒక్కటే ఉంచి పక్కవన్నీ గిల్లేస్తుంది. గుత్తుల రకమైతే సరిగ్గా దీనికి తిరగేసి, నడి మొగ్గ తీసేసి పక్కవి ఉంచుతుంది. నడిది ముందే విచ్చి వాడిపోకుండా, గుత్తి మొత్తం ఒక్కసారి విచ్చుకోవడానికి ఈ ఏర్పాటు. తర్వాత బరువుకు వాలకుండా సన్నని వెదురుబద్దలు గుచ్చి అరటినారతో కడుతుంది. నారని ముందు బద్దకి బిగించి, ఎనిమిది అంకెలా తిప్పి, కొమ్మ దగ్గర వదులుగా ముడేస్తుంది. గాలికి కొమ్మ ఊగుతుంది గాని కోసుకుపోదు. పూత మీద ఆ కట్లు వెతికినా కనబడవు. ఇన్ని పూలకుండీల్లో ఇంత శ్రద్ధగా దాచిన ముడి నేను ఇంకెక్కడా చూడలేదు.

బంతికి ఇంత సేవ అక్కర్లేదు, విత్తిన రెండు నెలలకు పూసేస్తుంది. డిసెంబరాలు అసలేమీ అడగవు. గుమ్మడి పాదు దగ్గర మాత్రం ఇంకో చిన్న నేర్పు ఉంది. తెల్లారకముందే పూలు విచ్చుతాయి, పొద్దెక్కితే ముడుచుకుంటాయి. అడుగున చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, ఒట్టి కాడతో ఉన్నది మగపువ్వు. పెద్దమ్మ ఒక మగపువ్వు రేకులు తీసి, దాని పుప్పొడి ఆడపువ్వుకి అద్దుతుంది. మిగిలిన మగపూలే గొబ్బెమ్మల నెత్తికెక్కుతాయి. పండక్కి పువ్వూ దక్కుతుంది, పాదుకి కాయా నిలుస్తుంది.

ఈ శీతాకాలం మీరు కొన్న చామంతి కుండీని పూలు వాడగానే పారేయకండి. కొమ్మల్ని రెండంగుళాలు ఉంచి కోసి, నీడ పట్టున పెట్టి, మట్టి మరీ ఎండకుండా అప్పుడప్పుడు తడి చేయండి. పిలకలు వస్తాయి. తొలకరికి వాటిని విడదీయండి, నెల్లాళ్లకి చేయి వణక్కుండా తల తుంచండి.