విప్పితేనే కూలీనా?

రేడియేటర్ మూత తీయగానే పాలటీ రంగులో జిగురుమీగడ కనిపిస్తే చాలు, చుట్టూ మూగినవాళ్లంతా తీర్పు చెప్పేస్తారు: ‘గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాల్సిందే!’ విజయవాడ ఆటోనగర్‌లో ఈ మాట నాకు అలవాటే. ఆ తొందరే నచ్చదు. హెడ్ దిగితే లారీ షెడ్డులో పడుకుంటుంది కానీ ఫైనాన్స్ వాయిదా పడుకోదు.

నేను ముందు ఇంజన్ బాగా చల్లారనిచ్చి, ఆ నీళ్లు గాజుసీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచుతాను. తెల్లారేసరికి చాలావరకు తేలిపోతుంది. అడుగున ఎర్రమడ్డి దిగితే అది తుప్పు. కూలెంట్ మానేసి బోరునీళ్లు పోశారన్నమాట. పైన తేలినదాంట్లో డీజిల్ వాసన ఉంటే ఇంజెక్టర్ల వైపు చూడాలి. ఇంజన్ ఆయిలే అయితే ప్రెషర్ లెక్క వేయాలి.

రోడ్డు మీద పరిగెత్తే ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ మూడు నాలుగు బార్లుంటుంది. నీళ్ల ప్రెషర్ ఒక బార్ అటూ ఇటూ. ఆయిల్ కూలర్ చిల్లుపడితే నడిచినంతసేపూ ఆయిలే నీళ్లలోకి దూరుతుంది. అందుకే ఇంజన్ అడుగునుండే ఆయిల్ చాంబర్‌లో ఆయిల్ శుభ్రంగా ఉండి నీళ్లు మాత్రమే పాడైతే నా అనుమానం ముందు కూలర్ మీదే. దాన్ని విప్పి, ఒక దారి మూసి, రెండోదాంట్లోంచి గాలి పెట్టి వేడినీళ్ల తొట్టిలో ముంచుతాం. చన్నీళ్లలో దొరకని సన్న చీలిక కూడా వేడికి నోరు తెరిచి బుడగలు వదులుతుంది.

రేడియేటర్‌లో బుడగలొచ్చినా హెడ్‌దే నేరం కానక్కర్లేదు. చాలా లారీల్లో బ్రేకులకు గాలి కొట్టే కంప్రెసర్‌లోనూ ఇంజన్ నీళ్లే తిరుగుతాయి. దాని నీళ్ల పైపులు తప్పించి చూస్తే, బుడగలు ఆగాయో లేదో తెలిసిపోతుంది. అదే చాంబర్ బోల్టు వదులు చేయగానే ముందు నీళ్లు కారాయంటే మాత్రం లైనర్ల దాకా వెళ్లాల్సిందే.

ఇంతా చేసి బిల్లులో ‘పరీక్ష’ అని రాస్తే ఓనర్ అడుగుతాడు: “చూసినందుకు కూడా డబ్బులేంటి మేస్త్రీ?” మన షెడ్లలో విప్పినందుకే కూలి, ఆలోచించినందుకు లేదు. మరి కుర్రాళ్లు ముందు స్పానర్ పట్టుకోక సీసా పట్టుకుంటారా? నేను మాత్రం ఆ లైను కొట్టేయను. కావాలంటే కూలర్ విప్పిన కూలిలో తగ్గించుకోమంటాను.