సుమాకో నటన

జపాను నటీమణి మత్సుయి సుమాకో ప్రియునికై ప్రాణము విడిచినదని కొనియాడువారు కలరు. ఆ మెప్పు మాకు రుచింపదు.

1629లో ప్రభుత్వము స్త్రీలను రంగస్థలమునుండి వెడలగొట్టిన ఆ దేశమున చిరకాలము స్త్రీపాత్రములను పురుషులే ధరించిరి. అట్టిచోట 1911లో ఇబ్సెను నాటకమున, భర్తయిల్లు విడిచిపోవు నోరాను ఆమె ధరించి మెప్పించెను. రెండు వివాహములు చెడినదానికి ఆ గడప తెలియనిది కాదు. 1914లో టాల్‌స్టాయి ‘పునరుత్థానము’ను నాటకముగ నాడినపుడు ఆమె పాడిన కాత్యూషా పాట, గ్రామఫోను మూలమున దేశమెల్ల వ్యాపించెను.

1918 నవంబరు 5న ఆమె నాటకాచార్యుడును ప్రియుడునగు షిమామురా హోగెత్సు ఇన్‌ఫ్లుయెంజాచే మృతినొందెను. 1919 జనవరి 5న ఆమె ఆత్మహత్య గావించుకొనెను. దీనిని సహగమనమని పొగడుట నోరాను మరల ఆ యింటనే పెట్టి తలుపు మూయుట గాదా? ఆ కడపటి దినములలోను ఆమె కార్మెను వేషమున రంగమెక్కుచునే యుండెను.