కాళ్ల కింది పనితనం

తొర్రూరులో పాత ఇళ్ల నేలకు షాబాదు బండలు పరిచేవారు. వాటి సన్నని గరుకు మంచం కోళ్లను కూడా పట్టి ఉంచేది. ఇప్పుడు కొత్త ఇంటికి మొహం కనిపించేంత నునుపు గ్రానైటో, టైల్సో వేయిస్తున్నాం. ఆ నేల మీద వ్యాయామం సైకిలు పెట్టి కాసేపు తొక్కితే, అది మెల్లగా గోడ వైపు జరుగుతుంది. సైకిలు తేలికగా ఉందని బరువులు ఎక్కిస్తాం. కానీ చూడవలసింది దాని కాళ్ల కింది రబ్బరు బుష్‌లను.

తొక్కేటప్పుడు బరువు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పడుతుంది. ఏ కాలు తేలికైతే ఆ కాలు వెంట్రుకవాసి కదులుతుంది. అలా కదిలి కదిలి జానెడు దూరం పోతుంది. నాలుగు కాళ్లూ ఎప్పుడూ నేలను ఒత్తి ఉంటేనే ఇది ఆగుతుంది. ఇక్కడే ఇంకో చిక్కు. కడిగిన నీళ్లు పోవాలని మేస్త్రీ నేలకు కొంచెం వాటం ఇస్తాడు. కాళ్లన్నీ ఒకే ఎత్తున బిగించిన యంత్రం ఆ వాటం సమంగా లేని చోట ఊగుతుంది. అందుకే మంచి యంత్రానికి కాలి అడుగున మర బోల్టు, దాని మీద లాక్ నట్ ఉంటాయి. బోల్టును అరచుట్టు తిప్పితే గాలిలో తేలిన కాలు నేలకు ఆనుతుంది. నట్టు బిగిస్తే అక్కడే నిలుస్తుంది. ఎవరి కంటా పడని చోట ఇంత ఆలోచన పెట్టినవారి మీద నాకు గౌరవం.

ఇక బుష్. ఇనుప పైపు అంచు పదునుగా ఉంటుంది. చౌక బుష్‌లో ఆ అంచు రబ్బరును గుండ్రంగా కోసుకుంటూ దిగి, చివరకు ఇనుమే నేలకు తగులుతుంది. మంచి బుష్ లోపల ఉక్కు వాషర్ పెట్టి, దాని చుట్టూ రబ్బరు పోస్తారు. పైపు వాషర్ మీద కూర్చుంటుంది, బరువు అడుగంతా పరుచుకుంటుంది. అడుగున వలయాలుగా గాళ్లుంటాయి. తడిగుడ్డ పెట్టిన నేల మీద నీటి పొర ఆ గాళ్లలోకి తప్పుకుంటే రబ్బరు నేలను పట్టుకుంటుంది. అరిగిన విసుర్రాయికి కక్కు కొట్టించేది గింజ జారకుండా పట్టుకోవాలనే కదా. గాళ్లు అరిగిన బుష్‌నూ అలాగే మార్చాలి.

ఎండకూ చలికీ తట్టుకునే గుణం రబ్బరుకు పుట్టుకతో రాలేదు. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా మారుతుంది, చలికి గట్టిపడుతుంది. గంధకం కలిపి కాచితే ఆ రెండూ తగ్గుతాయని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. మన వేసవిలోనూ బుష్ కరగకుండా నిలబడుతున్నదంటే ఆ కాచుడు వల్లనే. గోటితో నొక్కి చూడండి: అసలు రబ్బరు లొంగి, మళ్లీ లేస్తుంది, గట్టి ప్లాస్టిక్ లొంగదు. లొంగే గుణం వల్లనే రబ్బరు నేల మీది కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లలోకి దిగి పట్టు సాధిస్తుంది. దుమ్ము మధ్యలో చేరితే ఆ పట్టు పోతుంది. యంత్రం జరుగుతోందంటే ముందు బుష్‌నూ నేలనూ తుడిచి ఆరనివ్వాలి.

చాలామంది కింద జంపఖానా పరుస్తారు. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్చోవడానికి, ఆసనాలకు అంత హాయైన పరుపు నాకు తెలియదు. కానీ నూలు నునుపు నేలను పట్టుకోదు, యంత్రంతో పాటు అదీ జరుగుతుంది. యంత్రం కిందికి పాత టైర్ల పొడిని అతికించి చేసిన గట్టి రబ్బరు మ్యాటే తగినది. మెత్తటి ఫోమ్ వద్దు, దానిలో కాళ్లు దిగి సైకిలు ఊగుతుంది. తెల్ల టైల్స్ మీద నల్ల రబ్బరు మరక పడవచ్చు కాబట్టి ముందు మూలన చిన్న ముక్క పెట్టి చూసుకోవాలి.

కొనేటప్పుడు అంకెలు చూపే తెర ముందు నిలబడిపోకండి. యంత్రాన్ని పక్కకు వాల్చమని అడిగి కాళ్ల కింద చూడండి. వాషర్ ఉన్న బుష్, మర బోల్టు, లాక్ నట్ మూడూ కనిపిస్తేనే డబ్బులివ్వండి.