ఒక్క పాయింటర్, ముప్ఫై ఎనిమిదేళ్ల పని

కుక్కల్ని జతకట్టించే ముందు జన్యుపరీక్ష చేయిస్తే లోపం లేని జంటను ఎంచుకోవచ్చు. మరి జాతి మొత్తంలో లోపం లేని కుక్క ఒక్కటీ లేకపోతే? తెల్లని ఒంటిమీద నల్లమచ్చల డాల్మేషియన్లకు ఆ గతే పట్టింది. ఏ కుక్కను చూసినా తల్లి నుంచి వచ్చిందీ, తండ్రి నుంచి వచ్చిందీ రెండూ చెడిన జన్యువులే.

మిగతా కుక్కల్లో యూరిక్ ఆమ్లం కాలేయంలోకి వెళ్లి, నీళ్లలో తేలిగ్గా కరిగే అల్లంటోయిన్‌గా మారి మూత్రంలో పోతుంది. డాల్మేషియన్ కాలేయంలోనూ ఆ పని చేసే ఎంజైము ఉంది. ఆమ్లాన్ని కణంలోకి చేరవేసే ప్రోటీనే చెడింది. గదిలో వంటమనిషి ఉన్నా తలుపు తెరుచుకోదన్నమాట. దాంతో యూరిక్ ఆమ్లం మూత్రంలోకి పోయి, కొన్ని కుక్కలకు రాళ్లు కడుతుంది. మగకుక్కల మూత్రమార్గం సన్నం కాబట్టి రాయి అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకని కార్జం తెచ్చి ఉడికించి పెట్టడం మన ఇళ్లలో మామూలే. డాల్మేషియన్ విషయంలో ఆ ముద్దు పనికిరాదు. కార్జంలో ప్యూరిన్లు ఎక్కువ, వాటి నుంచే యూరిక్ ఆమ్లం తయారవుతుంది.

అమెరికాలోని ఇండియానాకు చెందిన జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ 1973లో డాల్మేషియన్‌ను పాయింటర్ అనే మరో జాతి కుక్కతో కలిపాడు. ఒక్కసారే. ఆ తర్వాత ప్రతి తరంలోనూ పిల్లల్ని మళ్లీ స్వచ్ఛమైన డాల్మేషియన్లకే జతచేశాడు. మంచి జన్యువు ఒక్కటి ఉన్నా చాలు, ఆమ్లం మామూలు స్థాయిలో ఉంటుంది. అలాంటి కుక్కను పాత డాల్మేషియన్‌తో కలిపితే పిల్లల్లో సగటున సగానికి ఆ జన్యువు అందుతుంది. డీఎన్ఏ పరీక్ష లేని రోజులవి. మూత్రంలో యూరిక్ ఆమ్లం కొలిచి ఆ సగాన్ని వేరుచెయ్యాలి, అందులోంచి డాల్మేషియన్ పోలిక బాగా దిగినదాన్ని తర్వాతి తరానికి ఉంచాలి. తరానికో సగం చొప్పున పాయింటర్ వాటా తరిగి, ఐదో తరానికి దాదాపు 3 శాతానికి దిగుతుంది. కావలసిన జన్యువొక్కటే తరగకుండా సాగుతుంది. ఈ పనిలో నాకు నచ్చింది ఆ పొదుపే.

1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఇలాంటి కుక్కల్ని రెండింటిని నమోదు చేసుకుంది. జాతి స్వచ్ఛత పోతుందని డాల్మేషియన్ పెంపకందారులు అడ్డుచెప్పడంతో అక్కడితో ఆగిపోయింది. రాళ్లతో కుక్కలు బాధపడుతున్నా పర్వాలేదు గాని వంశపత్రంలో 3 శాతం తేడా రాకూడదన్న ఈ పట్టుదలను మెచ్చుకోవడం నావల్ల కాదు.

ఆ కుక్కల సంతతే తర్వాత పరిశోధకులకు దారి చూపింది. అన్నిటికీ ఒకటే లోపమున్న జాతిలో ఆ లోపం ఎక్కడుందో వెతకలేం. పోల్చడానికి లోపం లేనిది దొరకదు. షైబుల్ కుక్కల్లో మాత్రం ఒకే ఈతలో రెండు రకాల పిల్లలూ ఉన్నాయి. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డానికా బనాష్ బృందం వాటినే పట్టుకుని వెతికింది. అనుమానం ఉన్న ఎంజైము జన్యువుకు దోషం లేదని ముందు తేల్చి, 2008లో ఎస్‌ఎల్‌సి2ఎ9 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడాను చూపించింది. మనుషుల్లో యూరిక్ ఆమ్లం హెచ్చుతగ్గులకూ ఈ జన్యువుతో సంబంధముంది.

ఇప్పుడు బుగ్గ లోపల రుద్దిన దూదిపుల్ల చాలు. మూత్రపరీక్ష చెప్పలేనిది ఈ పరీక్ష చెబుతుంది: మంచి జన్యువు ఒకటుందా, రెండున్నాయా అన్నది. ఒక్కొక్కటున్న జంటను కలిపితే పిల్లల్లో సగటున నాలుగింట ఒకదానికి రెండూ మంచివే వస్తాయి. ఆ కుక్కను ఏ పాత డాల్మేషియన్‌తో కలిపినా పుట్టేవాటిలో ఒక్కదానికీ ఈ లోపం ఉండదు. బుల్‌డాగ్, బ్లాక్ రష్యన్ టెరియర్లలోనూ ఇదే లోపం కనిపించింది గాని, వాటిలో మంచి కుక్కలు మిగిలే ఉన్నాయి. పరీక్ష చేసి ఎంచుకుంటే సరిపోతుంది.

2010లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ షైబుల్ కుక్కల సంతతికి చెందిన ఫియోనా అనే ఆడకుక్కను నమోదు చేసుకుంది. 2011లో అమెరికన్ క్లబ్ కూడా తలుపు తెరిచింది. డాల్మేషియన్లకున్న మరో బెడద చెవుడు మాత్రం ఈ పనికి లొంగేది కాదు. దానికి ఇలా ఒక్క అక్షరం చూసి తేల్చే పరీక్ష లేదు. ప్రతి కూనకూ తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి వినికిడి కొలవాల్సిందే.